మూడో వంతు

రోజు 1

అంచనాదారులకు ఇచ్చే ఈ పుస్తకంలో అంకెలు తప్ప మరేమీ రాయకూడదని మొదటి పేజీలోనే అచ్చు వేశారు. రాస్తాను. ఏం చేసుకుంటారో చేసుకోండి. ఇరవై రెండేళ్ళుగా ఆరో వరసలో తొమ్మిది ఇళ్ళ ఫ్యాన్లూ మిక్సీలూ లెక్కపెట్టి ఇందులో ఎక్కించాను. ఇవాళ నా గోడు నాలుగు ముక్కలు రాసుకుంటే పుస్తకం అరిగిపోదు.

మా అంచనాలని బట్టి ఆఫీసువాళ్ళు ఇంటింటికీ ఇచ్చే కరెంటు, ఈ ఏటి కేటాయింపు, పొద్దున ఆరింటికి మొదలైంది. మా ఇంటికి రోజుకి 4.05 యూనిట్లు. సాయంత్రం అయిదుంబావుకి ఆ కాస్తా అయిపోయి, గోడ మీద మీటరు పెట్టెలో మీట టక్కుమని పడిపోయింది. పడిందంటే మళ్ళీ లేచేది మర్నాడు ఆరింటికే. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ ఆగింది, వదిన పక్కనున్న ఆక్సిజన్ యంత్రం పెద్దగా కూత పెట్టి ఆగింది.

వదిన ముక్కులోంచి గొట్టం తీసి నా వంక చూసింది. "ఏంటే కత్తెరమ్మా, ఊరందరికీ కోత పెట్టేదానివి, నీ ఇంట్లోనే కోతా?"

కత్తెరమ్మ మా వరస ఇళ్ళవాళ్ళు నాకు పెట్టిన పేరు. నా అసలు పేరు వకుళ అని గుర్తున్నవాళ్ళు తక్కువ. ఈమె మా ఆయన అక్క, హైమవతి. మొదట్లో మీరు, అండీ అనేదాన్ని. ఆయన పోయి ఇంట్లో ఇద్దరమే మిగిలాక 'నువ్వు'లోకి దిగిపోయాం. ముప్ఫయ్యేళ్ళు కొండ మీద సోలార్ పలకలు తుడిచింది మనిషి. ఎండ తగ్గించడానికని పెద్దవాళ్ళు ఎప్పుడో ఆకాశంలో చల్లిన తెల్లపొడి ఇప్పటికీ రాలుతూనే ఉంది. రోజూ తుడవకపోతే పలకలు పనిచెయ్యవు. అందుకే ఇక్కడ కరెంటుకి డబ్బు కట్టం, రోజుకి వాడుకునే ఒక్కో యూనిట్‌కీ వారానికో పూట పలకలు తుడవాలి. మా ఇద్దరి వంతూ తనే తుడిచేది. ఆ పొడంతా ఇప్పుడామె ఊపిరితిత్తుల్లో ఉంది. రెండు నెలల కిందట ఆసుపత్రివాళ్ళు ఈ యంత్రం ఇచ్చి, మెషీన్ మాది, కరెంటు మీది అని చెప్పి పంపేశారు. రోజంతా ఆడాలి, తీస్తే కష్టం అని కూడా చెప్పారు. కొత్త కేటాయింపు దాకా ఆఫీసువాళ్ళు తాత్కాలికంగా ఇచ్చిన అదనంతో నడిచింది, అది నిన్నటితో సరి.

అంచనా నకలు తీసి చూశాను. అంచనాదారు తన ఇంటికి తనే వేసుకోవచ్చు, మా మీద అంత నమ్మకం. ఫ్యాను, ఇరవై ఎనిమిది వాట్లు, పది గంటలు. సరే. బల్బులు సరే. ఫ్రిజ్, నూట యాభై వాట్లు, ఎనిమిది గంటలు. సరే. ఆక్సిజన్ యంత్రం, మూడొందల వాట్లు, ఎనిమిది గంటలు.

ఎనిమిది. నా దస్తూరీతోనే ఉంది.

మా పనిలో మొదటి రోజు నేర్పే సూత్రం ఒకటుంది. కంప్రెసర్ ఉన్నదానికి మూడో వంతు. ఫ్రిజ్ రోజంతా ప్లగ్గులోనే ఉన్నా లోపల కంప్రెసర్ కాసేపు తిరిగి కాసేపు ఆగుతుంది, కాబట్టి ఇరవై నాలుగు గంటలకి ఎనిమిదే వెయ్యాలి. చిల్లర కొట్టువాళ్ళ కూలర్‌కీ అంతే, ఏసీకీ అంతే. యంత్రం వెనక రేకు మీద వాట్లు చదివాను, కింద కంప్రెసర్ అన్న ముక్క చూశాను, చెయ్యి దానంతటదే ఎనిమిది వేసేసింది. ఈ కంప్రెసర్ ఆగదు. ఆగితే ఊపిరి ఆగుతుంది. పక్క మంచం మీద మనిషిని పెట్టుకుని ఆ మాత్రం తోచలేదు నాకు.

రోజు 2

రాత్రంతా వదిన దిండ్లకి ఆనుకుని కూర్చునే ఉంది. నేను విసనకర్రతో విసురుతూనే ఉన్నాను. పొద్దున ఆరింటికి పెట్టె లేచి యంత్రం ఆడేసరికి ఆమె పెదాలు నల్లగా ఉన్నాయి. పది నిమిషాలకి రంగు తిరిగింది. "ఇంకోసారి ఇంత జోరుగా విసరకు, జలుబు చేస్తుంది" అంది.

కరెంటు కొలిచే పట్టకారు తెచ్చి తీగకి తగిలించాను. రేకు మీద మూడొందలున్నా నిజానికి 270 వాట్లు లాగుతోంది. ఇంట్లో మిగతావన్నీ కట్టేసి 4.05 మొత్తం దీనికే పోస్తే పదిహేను గంటలు. ఇంకా తొమ్మిది గంటలు కావాలి. ఎన్నిసార్లు వేసినా పదిహేనే.

ఫ్యాను కట్టేశాను. బల్బులు తీసేశాను. ఫ్రిజ్ ప్లగ్గు పీకుతుంటే వదిన కేకేసింది.

"నీ సూదిమందు?"

"కుండలో పెడతాను. కుండ చుట్టూ తడిగుడ్డ చుడతాను."

"ఈ ఎండల్లో కుండలోనా? పాడైతే శ్రావణం దాకా మళ్ళీ ఇవ్వరే నీకు!"

నాకు పదకొండేళ్ళుగా షుగరు. ఇన్సులిన్ సీసాలు నాలుగు నెలలకి సరిపడా ఒకేసారి ఇస్తారు, పోతే పోయినట్టే. ఆ సంగతి నాకూ తెలుసు. "నోరు మూసుకుని ఊపిరి పీల్చుకో" అన్నాను. నోరు మూసుకుంటే పీల్చేదెలా అని నవ్వబోయి దగ్గింది.

రోజు 3

ఆఫీసుకి వెళ్ళాను. మా పై అధికారి భానోజీరావు గారు నా నకలు రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు.

"కంప్రెసర్ కదా, మూడో వంతు కరెక్టే కదమ్మా?"

"కాదండీ. ఇది ఆగకుండా తిరుగుతుంది. ఆక్సిజన్ది."

"అయ్యయ్యో." నిజంగానే బాధపడ్డారు. "సవరణ మళ్ళీ ఫాల్గుణంలోనే కదండీ. వరస మొత్తానికి వచ్చేది ఇంత అని గీత గీసేశాం. మీకు పెరగాలంటే ఇంకొకరికి తగ్గాలి. రేకు లెక్కనే పోవాలి కాబట్టి మీకు 4.8 కావాలి. మిగతా ఎనిమిది ఇళ్ళూ తలో 0.6 వదులుకుంటామని సంతకం పెడితే వెంటనే ముద్ర వేస్తాను. ఒక్కరు తగ్గినా కుదరదు."

"ఎనిమిది మందీనా? ఇదెక్కడి నిబంధనండీ!"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "మూడేళ్ళ కింద ఇది పెట్టమని అర్జీ ఇచ్చింది మీరే. జనం ఊరికే సవరణలని వచ్చి ప్రాణం తీస్తున్నారన్నారు."

అన్నాను. నిజమే. ఆసుపత్రిలో మంచాలు నాలుగు, వాటికి నలభై మంది కాచుకుని ఉన్నారు. అక్కడికీ వెళ్ళి కాళ్ళావేళ్ళా పడి వచ్చాను.

రోజు 5

ఎదురింటి సత్తిరాజు గారికి అరవై దాటాయి. సంతకానికి వెళితే ముందు మంచినీళ్ళు ఇచ్చి, వెనక గదిలోకి రమ్మన్నారు. అక్కడ బట్టలుతికే మెషీను ఉంది. పోయిన నెల నేను వెళ్ళినప్పుడు గడగడా తిరుగుతోంది, రోజుకి 0.8 రాసిచ్చాను.

"తిట్టకూడదండి మరి" అంటూ మూత తీశారు. లోపల మోటారే లేదు. చిన్న బ్యాటరీ, దానికి కట్టిన డబ్బా, డబ్బాలో నాలుగు గులకరాళ్ళు.

"ఆ రోజు మీరు గుమ్మంలోంచే చూసి రాసేసుకున్నారండి, ఆయ్. శబ్దం బానే వచ్చింది కదండి."

"రాజుగారూ, సిగ్గులేదా మీకు?"

"లేదండి. వానాకాలంలో గది తడారక మనవరాలికి దగ్గొస్తంది, చిన్న హీటర్ ఏస్తానికి దాచుకున్నానండి. ఇప్పుడు ఎండాకాలమే కదా. మజ్జాన్నం వదినగారిని మెషీనుతో సహా మా ఇంటికి దొర్లించుకొచ్చెయ్యండి. మూడు గంటలొస్తాదండి. సంతకం కూడా పెడతాను, ఇయ్యండి."

ఇరవై రెండేళ్ళలో నన్ను మోసం చేసినవాడు ఇతనొక్కడే కాబోలు. అతని కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. మిగతావాళ్ళు నిజం చెప్పారు, నేను నిజాన్ని కూడా కత్తిరించాను.

ఇప్పుడు పద్ధెనిమిది గంటలు. గోడకి కాగితం అంటించాను. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా యంత్రం. ఆరు నుంచి తొమ్మిది ఆపు, నేను పక్కనే ఉంటాను. తొమ్మిది నుంచి పన్నెండు యంత్రం, అప్పుడు నేను ఊరి మీద ఉంటాను కాబట్టి తప్పకుండా ఆడాలి. ఒంటి గంట నుంచి నాలుగు సత్తిరాజు గారింట్లో. "నేను లేనప్పుడు పన్నెండు కొట్టేదాకా మాత్రం తియ్యకు" అని చేతిలో చెయ్యి వేయించుకున్నాను. వదిన బుద్ధిగా తలూపింది. ఆమె బుద్ధిగా తలూపితే అనుమానించాలని నాకు తెలియదా? పెళ్ళయిన కొత్తలో ఇలాగే తలూపి నా పట్టుచీర కట్టుకుని పేరంటానికి పోయింది.

రోజు 8

నాలుగు సంతకాలు అయ్యాయి. ఒక్కో ఇంటికీ నా పుస్తకం పట్టుకుని వెళ్ళి, దేన్ని ఆపితే 0.6 వస్తుందో వెతకాలి. ఎక్కడా వదులుగా లేదు. కుట్టుమిషనుకి రెండు గంటలే రాశాను, ఆవిడ మిగతాది చేత్తో కుడుతోంది. స్టవ్ మీద ఒక్క పూటే వండుకుంటున్నారు. ఇదంతా నేను చేసిందే. ఆరో వరసలో ఒక్క వాటు వృథా లేదని ఆఫీసులో నాకు శాలువా కప్పారు.

ఇవాళ ఓ మంచి సంగతి. పొద్దున ఆరింటికి పెట్టె మీద మిగులు 0.36 చూపించింది! నిన్న యంత్రం వెనక జల్లెడ తీసి కడిగాను, పొడి అట్టలు కట్టి ఉంది. అది పోయి బరువు తగ్గి ఉంటుంది. లెక్క వేస్తే ఇప్పుడు 246 వాట్లే లాగుతోందన్నమాట. పట్టకారు పెట్టి మళ్ళీ కొలుద్దామనుకున్నాను కానీ బయట ఎండ ముదురుతోందని వెళ్ళిపోయాను. మంచి లెక్కని అనుమానించబుద్ధి కాలేదు.

ఒంటి గంటకి ఇంటికొస్తే ఫ్రిజ్ కింద నీళ్ళ మడుగు. వదిన మీద అరిచాను, మంచినీళ్ళ చెంబు ఒలకబోసి అలా వదిలేస్తే జారి పడతానా లేదా అని. "ముసలిదాన్ని, చెయ్యి వణికిందే" అంది. తుడిచాను.

రోజు 10

నిన్నా మొన్నా కూడా 0.36. అందుకే ఇవాళ్టి నుంచి పొద్దున ఆరు గంటల తర్వాత మరో గంటంబావు యంత్రం పెంచాను. పంతొమ్మిదింబావు గంటలు. వదినకి చెబితే, "అబ్బో, నీ లెక్కలకి తిరుగులేదే" అంది. ఆ గంటంబావు సేపు కళ్ళు మూసుకుని హాయిగా పీల్చుకుంది. చాలా రోజులకి నాకు కాఫీ రుచి తెలిసింది.

నా ఒంట్లో కూడా బాగానే ఉంది. కుండలో మందు ఏమీ చెడినట్టు లేదు, షుగరు అదుపులోనే ఉంది. చూశావా, అనవసరంగా భయపడ్డావు అన్నాను.

మధ్యాహ్నం మటుకు సత్తిరాజు గారింటికి నడిపించేసరికి ఆయాసం మునుపటికంటే ఎక్కువగా వచ్చింది. వీధి దాటడానికి మూడుసార్లు ఆగింది. ఎక్కువ గంటలు ఇస్తుంటే ఎక్కువ ఆయాసమేమిటో అర్థం కాలేదు. ఎండ దెబ్బేమో.

రోజు 13

ఏడు సంతకాలు. మిగిలింది నూకరత్నం. ఆ ఇంటి గుమ్మం ఎక్కలేక చివరికి అట్టేపెట్టాను.

రెండేళ్ళ కిందట గుడ్లు పొదిగే పెట్టె కొనుక్కుంది నూకరత్నం. బల్బుకి పన్నెండు గంటలు చాలని నేనే రాశాను. సరిపోవడం లేదండీ, చల్లబడిపోతున్నాయండీ అని మూడుసార్లు నా ఇంటికొచ్చింది. సవరణ లేదన్నాను. నూట ఇరవై గుడ్లు, పిల్లలు కాకుండానే కుళ్ళిపోయాయి. ఆ ఏడాది ఆ ఇంట్లో ఏం తిన్నారో నేను అడగలేదు.

"రండి వకుళమ్మగారూ" అని కుర్చీ వేసింది. విషయం అంతా విని, "చెప్పండి, దేనికి కోత పెట్టమంటారు? ఇల్లంతా మీకు తెలిసిందే కదా" అంది.

లేచి ఇల్లంతా తిరిగాను. ఒక ఫ్యాను, రెండు బల్బులు, నీళ్ళ మోటారు. పొదిగే పెట్టె మూల బోర్లించి ఉంది, దాని మీద బియ్యం డబ్బా. పుస్తకం మూసేశాను. "ఏమీ లేదమ్మా" అన్నాను.

"అప్పుడు నేనూ అదే చెప్పానండి. మీరు వినలేదు" అంది. ఏడుపు లేదు, కోపం లేదు. "మోటారు ఆపేస్తాం. బావిలోంచి తోడుకుంటాం. మా ఆయన కొండ నుంచి సోమవారం వస్తారు, ఆయన సంతకం కూడా కావాలి కదండీ. సోమవారం రండి."

సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించమని అడగకుండానే లేచి వచ్చేశాను. సోమవారం అంటే ఇంకా మూడు రోజులు.

సాయంత్రం వదినకి చెప్పాను. పైకప్పు చూస్తూ, "ఏమే, నువ్వు అన్నిటికీ అంచనా వేస్తావు కదా, నాకు వెయ్యి చూద్దాం. ఎన్నాళ్ళు?" అంది.

"నువ్వు కంప్రెసర్‌వి కాదు."

"అయితే మూడో వంతు కొట్టెయ్యవన్నమాట, బతికిపోయాను" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. సోమవారం ఒక్కటి దాటితే చాలు వదినా, ఇంకేమీ అడగను అన్నాను. అలాగేలే అంది. మళ్ళీ బుద్ధిగా తలూపింది.

రోజు 16

సోమవారం. నూకరత్నం మొగుడు చదవకుండానే సంతకం పెట్టాడు. పరుగున ఆఫీసుకి వెళ్ళాను. భానోజీరావు గారు ముద్ర వేసి, రేపు ఆరింటి నుంచి 8.85 అని చేత్తో కూడా రాసిచ్చారు. టైము పదకొండున్నర. ఎప్పుడూ ఒంటి గంటకి గానీ ఇంటికి రాను. ఇవాళ దారిలో ఎక్కడా ఆగలేదు. కాగితం చెమటకి తడవకుండా కొంగులో చుట్టుకుని, ఏం చెప్పాలో అనుకుంటూ వచ్చాను. "ఇంక రోజంతా పీల్చుకో, నీ ఇష్టం" అని అందామనుకున్నాను.

గుమ్మంలోకి రాగానే చప్పుడు వినిపించింది. ఇరవై రెండేళ్ళుగా ఇంటింటా విన్న చప్పుడు. కళ్ళు మూసుకుని చెప్పగలను. అది ఆక్సిజన్ యంత్రం కాదు, ఫ్రిజ్.

వదిన కుర్చీలో ఉంది. గొట్టం ఒళ్ళో చుట్టచుట్టి పెట్టుకుంది. యంత్రం ప్లగ్గు నేల మీద. చెయ్యి పట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది. ప్లగ్గు పెట్టాను, గొట్టం ముక్కులో పెట్టాను, వదినా వదినా అని అరిచాను. సత్తిరాజు గారు పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుని, "వద్దండి, ఇంక వద్దండి" అనేదాకా గొట్టం సర్దుతూనే ఉన్నాను.

కుండలో చెయ్యి పెట్టి చూశాను. ఖాళీ. నా సీసాలన్నీ ఫ్రిజ్‌లో పై అరలో వరసగా ఉన్నాయి. చల్లగా ఉన్నాయి.

ఇప్పుడు లెక్క కుదిరింది. నేను తొమ్మిదింటికి గుమ్మం దాటగానే యంత్రం పీకి ఫ్రిజ్ పెట్టేది. పన్నెండింటికి ఫ్రిజ్ పీకి, మందు మళ్ళీ కుండలో సర్దేది. యంత్రం మూడు గంటలు ఆపితే 0.81 మిగులు, వెచ్చబడిపోయిన ఫ్రిజ్ చల్లబడేదాకా ఆగదు కాబట్టి మూడు గంటలు తిరిగితే 0.45 ఖర్చు. పోగా 0.36. నేను గంటంబావు పెంచేదాకా రోజూ పెట్టె మీద నాకు కనిపించిన అంకె అదే. కరిగిన మంచు నేను తుడిచాను. ఆమె ఆయాసం అక్కడే ఉంది, నా కళ్ళ ముందే ఉంది. జల్లెడ కడిగానని మురిసిపోయాను నేను.

నేనే చంపాను. ఒకసారి ఎనిమిది వేసి, ఒకసారి 0.36 చూసి సంతోషించి. ఇది రాయడానికే ఈ పుస్తకం తీశాను, ఇంకేమీ రాయలేను.

రోజు 29

ముద్ర వేసిన కాగితం తిరిగి ఇచ్చేశాను. ఎనిమిది ఇళ్ళకీ 0.6 మళ్ళీ వెళ్ళింది. నూకరత్నం వచ్చి గుమ్మంలో కూర్చుని వెళ్ళింది. నేనేమీ అడగకుండానే, "బల్బుకి ఇరవై నాలుగు కావాలండీ" అని మాత్రం చెప్పింది. ఫాల్గుణంలో రాస్తాను, నేను రాయకపోతే నా తర్వాత వచ్చేవాళ్ళతో రాయిస్తాను. అంచనాదారు పని వదిలేస్తానంటే భానోజీరావు గారు ఒప్పుకోలేదు. నేర్చుకునేవాళ్ళకి ఇచ్చే పుస్తకంలో, మూడో వంతు అన్న మాట కింద, ఆక్సిజన్ యంత్రం ఆగదు అని ఒక వాక్యం చేర్పించాను. ఇంత చిన్న వాక్యం.

ఆసుపత్రివాళ్ళు యంత్రం తీసుకుపోయారు. నలభై మందిలో ఎవరికో ఇస్తారు. వాళ్ళ ఇంటి అంచనా ఎవరు వేశారో కనుక్కోమని వెంటపడి మరీ చెప్పాను.

పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ వేసుకుంటున్నాను. వేసుకోకుండా ఉండాలనిపిస్తుంది. కానీ ఒక్కో సీసాకీ ఆమె ఎన్ని ఊపిరులు పెట్టిందో తెలిశాక పారబోసే హక్కు నాకు లేదు. శ్రావణం దాకా సరిపోతాయి. ఒక్కటి కూడా చెడలేదు.

ఇంట్లో ఇప్పుడు రోజుకి 4.05 వస్తోంది. సగం కూడా అవడం లేదు. మధ్యాహ్నం పూట ఆమె కుర్చీలో కూర్చుని ఫ్రిజ్ వింటున్నాను. గడియారం పెట్టి చూశాను. పది నిమిషాలు తిరుగుతుంది, ఇరవై నిమిషాలు ఊరుకుంటుంది. మళ్ళీ పది, మళ్ళీ ఇరవై. మాకు నేర్పిన సూత్రం తప్పేమీ కాదు, ఫ్రిజ్‌కి సరిగ్గా మూడో వంతే. తిరిగే పది నిమిషాలూ ఎలాగో గడుస్తున్నాయి. ఆగిన ఇరవై నిమిషాలే, ఇంట్లో ఎవరూ ఊపిరి తీస్తున్న చప్పుడు లేక, గడవడం లేదు.